డాక్టరుగారి సి-120 క్యాసెట్: పింక్ ఫ్లాయిడ్ అరుదైన రికార్డింగుల వేటలో నా అనుభవం

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1967 నుంచి 1994 దాకా తెచ్చిన పద్నాలుగు స్టూడియో ఆల్బమ్‌లూ ఇంజనీరింగ్ పూర్తయ్యేసరికి నాకు నోటికొచ్చేశాయి. ఇంక వినడానికి ఏమీ లేదనుకుంటున్న రోజుల్లో మా సీనియర్ ఒకాయన ఒక సంగతి చెప్పారు. ఈ బ్యాండ్ 1970లలో కొత్త పాటల్ని ముందు స్టేజీ మీద నెలల తరబడి వాయించి, మార్చి, మళ్లీ వాయించి, ఆ తర్వాతే స్టూడియోలో పూర్తి చేసేదట. 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' రికార్డు 1973 మార్చిలో బయటికొచ్చింది. లండన్ రెయిన్‌బో థియేటర్‌లో మాత్రం 1972 ఫిబ్రవరిలోనే మొత్తం వాయించేశారు. అందులో 'ఆన్ ద రన్' దగ్గర మనకు తెలిసిన సింథసైజర్ పరుగు ఉండదు, గిటారు, కీబోర్డులతో అప్పటికప్పుడు అల్లుకుంటూ సాగే జామ్ ఒకటి ఉంటుంది. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో గాయని క్లేర్ టోరీ ఆలాపన ఉండాల్సిన చోట ఆర్గన్, దాని మీద బైబిల్ చదివే గొంతులు వినిపిస్తాయి. 1977లో 'యానిమల్స్'లో వచ్చిన 'షీప్', 'డాగ్స్' అయితే 1974 నుంచే వేరే పేర్లతో, వేరే మాటలతో కచేరీల్లో తిరుగుతున్నాయి.

అంటే నాకు తెలిసిన ప్రతి పాటకూ ముందు ఇంకో రూపం ఉంది. వాటిలో చాలా భాగం అప్పటికి ఏ షాపులోనూ దొరకవు. కచేరీకి వచ్చినవాళ్లు కోటు లోపల దాచుకుని తెచ్చిన రికార్డర్లలోనే అవి మిగిలాయి. వాటిని ముప్పై ఏళ్లుగా అభిమానులు ఒకరికొకరు కాపీ చేసి పంపుకుంటున్నారు. 2001లో నేనూ అందులోకి దిగాను. అది ఎలా జరిగేదో రాసిపెట్టాలని ఎప్పటినుంచో ఉంది.

మొదటి ఇబ్బంది: మార్పిడి అంటే నా దగ్గరా ఏదో ఒకటి ఉండాలి కదా. నా దగ్గర ఏమీ లేదు. డౌన్‌లోడ్ చేసుకుందామా అంటే అప్పటి డయలప్ మీద సెకనుకు నాలుగు కిలోబైట్లు వస్తే గొప్ప. ఒక సీడీకి సరిపడా 650 ఎంబీ దించాలంటే లైను ఒక్కసారి కూడా తెగకుండా 45 గంటలు పట్టాలి. ఇంట్లో ఫోన్ బిల్లు చూసి నాన్న ఊరుకోరు. కాబట్టి పోస్టే దిక్కు. ఖాళీ చేతులతో వచ్చేవాళ్ల కోసం పాతవాళ్లు ఒక పద్ధతి పెట్టారు. ఖాళీ సీడీలు, తిరుగు పోస్టేజీ మనం పంపితే వాళ్లు కాపీ చేసి పంపుతారు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి మంచి రకం ఖాళీ సీడీలు కొన్నాను. చవకవి వద్దని ముందే గట్టిగా చెప్పారు, రెండేళ్లకే పొర పాడై చదవడం మానేస్తాయని.

నెదర్లాండ్స్‌లో ఒక స్కూల్ టీచర్ నాకు మొదటి పార్సిల్ పంపడానికి ఒప్పుకున్నారు. ఇక్కణ్ణుంచి తిరుగు పోస్టేజీ ఎలా పంపాలా అని నేను కిందామీదా పడుతుంటే ఆయన సమాధానం వచ్చింది: పోస్టేజీ వద్దు, సీడీలూ వద్దు, దానికి బదులు నువ్వు మీ దేశంలో ఏమీ లేని ఇద్దరికి ఇదే కాపీ చేసి పంపు. ముఖం కూడా తెలియని మనిషికి సొంత డబ్బుతో పార్సిల్ పంపి, ఆ అప్పు ఇంకెవరికో తీర్చమనడం నాకు అప్పటిదాకా ఎక్కడా ఎదురుకాలేదు. ఆ మాట మీదే తర్వాత నేను ఈ పనిలో ఎన్నో ఏళ్లు నిలబడ్డాను.

పార్సిల్‌లో సీడీలు ప్లాస్టిక్ డబ్బాల్లో రాలేదు. డబ్బాలు బరువు, దారిలో పగులుతాయి, పగిలిన ముక్కలు సీడీని గీస్తాయి. అందుకని కాగితపు కవర్లలో పెట్టి, రెండు అట్టముక్కల మధ్య బిగించి పంపేవాళ్లు. పైన కస్టమ్స్ వాళ్ల కోసం పచ్చ చీటీ, దాని మీద 'గిఫ్ట్' అని, ఖాళీ సీడీల వెల. సీడీ మీద బాల్‌పెన్నుతో రాయకూడదు, కాగితం లేబుల్ అంటించకూడదు. లోపల 1972 రెయిన్‌బో కచేరీ ఉంది, దానితోపాటు ఒక టెక్స్ట్ ఫైల్ ఉంది.

ఆ టెక్స్ట్ ఫైల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారానికి అదే ప్రాణం. దాన్ని లీనియేజ్ అనేవాళ్లు. ఏ తేదీ, ఏ ఊరు, ప్రేక్షకుల్లో కూర్చుని తీసిందా, రేడియోలో వచ్చిందా, మొదటి క్యాసెట్ నుంచి ఎన్నో కాపీ, ఏ డెక్ మీద ప్లే చేశారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించారు, మధ్యలో ఎవరైనా ట్రెబుల్ పెంచారా, హిస్ (టేపు బుసబుస) తగ్గించారా, అన్నీ వరుసగా ఉంటాయి. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి కాపీ చేసిన ప్రతిసారీ హిస్ పెరుగుతుంది, పైస్థాయి ధ్వనులు కొంచెం చచ్చిపోతాయి. మూడో కాపీ, ఆరో కాపీ పక్కపక్కన పెట్టి వింటే ఒకే కచేరీ అంటే నమ్మబుద్ధి కాదు. అందుకని లీనియేజ్ లేని రికార్డింగ్‌ని, అది ఎంత అరుదైనదైనా సరే, అనుమానంగానే చూసేవాళ్లు.

ఎంపీ3 పూర్తిగా నిషేధం. ఒక్కసారి ఎంపీ3 చేసిందాన్ని మళ్లీ సీడీగా మారిస్తే పోయినవి తిరిగి రావు. ధ్వనిలో ఏయే ఫ్రీక్వెన్సీలున్నాయో చూపే స్పెక్ట్రమ్ తెరిచి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి ఇట్టే పట్టుబడుతుంది. మొదట్లో అందరూ షార్టెన్ అనే ఫార్మాట్ వాడేవాళ్లం, 2001లో ఫ్లాక్ వచ్చాక మెల్లగా దానికి మారాం. రెండూ ఒక్క బిట్ పోకుండా సైజుని దాదాపు సగం చేస్తాయి. ప్రతి ఫైలుకీ 32 అక్షరాల ఎండీ5 సంఖ్య ఉంటుంది. మన దగ్గర లెక్కకట్టినప్పుడు అదే సంఖ్య వస్తే పంపినది పంపినట్టే చేరిందన్నమాట. నా మొదటి పార్సిల్‌లో ఒక్క ట్రాక్ సంఖ్య కలవలేదు. సీడీ అంచున సన్నటి గీత. ఆ సంగతి రాస్తే టీచరుగారు ఆ ఒక్క ట్రాక్ కోసం ఇంకో సీడీ పంపారు.

పింక్ ఫ్లాయిడ్ సంగీతాన్ని సీడీ మీద రాయడంలో ఇంకో తలనొప్పి ఉంది. వీళ్ల పాటలు ఒకదాంట్లోంచి ఒకటి ఆగకుండా వస్తాయి. సీడీ బర్నర్‌ని ట్రాక్-ఎట్-వన్స్ (ఒక్కో ట్రాకూ విడిగా రాసే) పద్ధతిలో వదిలేస్తే ప్రతి ట్రాక్ మధ్యా రెండు సెకన్ల నిశ్శబ్దం దూరుతుంది. 'బ్రెయిన్ డ్యామేజ్' నుంచి 'ఎక్లిప్స్'లోకి వెళ్లే చోట రెండు సెకన్ల ఖాళీ వస్తే ఇంక ఆ సీడీ పనికిరానట్టే. అందుకని డిస్క్ మొత్తం ఒకేసారి రాసే డిస్క్-ఎట్-వన్స్ తప్పనిసరి. అది సరిగ్గా పెట్టినా ట్రాకుల మధ్య చిన్న 'టిక్' రావచ్చు. సీడీలో ధ్వని సెకనులో 75వ వంతు ముక్కలుగా ఉంటుంది. కచేరీని ట్రాకులుగా కోసినవాడు ఆ ముక్క అంచు మీద కాకుండా మధ్యలో కోస్తే, మిగిలిన ఖాళీని బర్నర్ సున్నాలతో నింపుతుంది, ఆ సున్నాలే టిక్ అవుతాయి. ఎస్‌హెచ్‌ఎన్‌టూల్ అనే చిన్న ప్రోగ్రాముతో కోత అంచుల్ని సరిచేసేవాళ్లం. హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రంతా ట్రాకుల అతుకులు మాత్రమే విన్న రోజులున్నాయి.

డబ్బు మాట ఎత్తకూడదు. ఇది అన్నిటికన్నా గట్టి నియమం, దానికి చరిత్ర ఉంది. ఆ రెయిన్‌బో కచేరీనే ఎవరో ఎల్పీ రికార్డుగా అచ్చేసి అమ్మేశారు, అసలు ఆల్బమ్ ఇంకా విడుదల కాకముందే. పూర్తికాని పని జనంలోకి పోయిందని బ్యాండ్‌కి కోపం రావడంలో న్యాయం ఉంది. మాలో ఎవరైనా ఒక సీడీ అమ్మినట్టు తెలిస్తే ఇంక వాళ్లతో ఎవరూ మార్చుకునేవాళ్లు కాదు. బ్యాండ్ ఏదైనా కచేరీని అధికారికంగా విడుదల చేస్తే ఆ రోజు నుంచి దాన్ని పంచుకోవడం ఆపేయాలి, కొనుక్కోవాలి. నేను ఈ రెండు నియమాల్నీ ఇప్పటికీ పాటిస్తున్నాను.

2002 ఏప్రిల్ 6న పింక్ ఫ్లాయిడ్ పాత సభ్యుడు రోజర్ వాటర్స్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ చేశాడు. హైదరాబాద్ నుంచి మేం ఒక గుంపుగా రైలెక్కాం. మాతో వచ్చిన వరంగల్ స్నేహితుడికి వాళ్లన్నయ్య సింగపూర్ నుంచి తెచ్చిన మినీడిస్క్ రికార్డర్ ఉంది, జేబులో పట్టే చిన్న డిస్కుల మీద ధ్వనిని పట్టేది. ఒక్కో డిస్క్‌లో 80 నిమిషాలు. రెండింతలు పట్టే మోడ్ కూడా ఉంది కానీ అందులో నాణ్యత తగ్గుతుంది కాబట్టి వద్దనుకున్నాం. మైకులు చొక్కా కాలర్ కింద, వైరు వీపు వెనకనుంచి జేబులోకి. మినీడిస్క్‌తో పెద్ద టెన్షన్ ఏంటంటే, స్టాప్ నొక్కాక అది ఏ ట్రాక్ ఎక్కడుందో తెలిపే పట్టికని డిస్క్ మీద రాసుకుంటుంది. ఆ కొన్ని సెకన్లలో బ్యాటరీ పోయినా, గట్టిగా కుదుపు తగిలినా మొత్తం రికార్డింగ్ గల్లంతే. మధ్యలో ఇంటర్వెల్ వచ్చినప్పుడు జనం మా మీదుగా తోసుకుంటూ వెళ్తుంటే వాడు రెండు చేతులూ జేబు మీద పెట్టుకుని కూలబడ్డాడు. "ఒరేయ్, ఎవర్నీ తగలనియ్యకండ్రా, ఇంకా రాస్తోంది" అన్నాడు. మేం నలుగురం వాడి చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డాం.

దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇంకో పని. అప్పటి పోర్టబుల్ రికార్డర్ల నుంచి ధ్వనిని డిజిటల్‌గా బయటికి తీసే దారి లేదు. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి సౌండ్ కార్డుకి వైరు వేసి, కచేరీ ఎంతసేపు జరిగిందో అంతసేపూ ప్లే చేస్తూ రికార్డు చేయాలి. ఆ సమయంలో ఫ్యాన్ ఆపాం, మోడెమ్ తీసేశాం, ఎవరినీ కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. లీనియేజ్‌లో అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాం, 'కంఫర్టబ్లీ నంబ్' సోలో మీద మా వెనకాల ఒకాయన ఈల వేసిన సంగతితో సహా. ఆ ఈల తీసేయమని ఒకరిద్దరు అడిగారు. చెయ్యలేదు. ఆ రాత్రి అక్కడ ఏం వినిపించిందో అదే వినిపించాలి.

ఆ రెండు సీడీలతో మా పరిస్థితే మారిపోయింది. భారతదేశపు కచేరీ అనగానే అమెరికా నుంచీ జపాన్ నుంచీ అడిగినవాళ్లు ఎందరో. అందరికీ విడివిడిగా పంపలేం కాబట్టి ట్రీ పద్ధతి పెట్టాం. మేం సీడ్, అంటే విత్తనం. మా నుంచి తీసుకునే కొందరు కొమ్మలు, ఒక్కో కొమ్మ కింద కొన్ని ఆకులు. కొమ్మగా ఉన్నవాళ్లు తమ కింది ఆకులకు కాపీలు చేసి పంపే బాధ్యత తీసుకోవాలి. చెన్నై, పుణె, కోల్‌కతా, విశాఖలకు నేను కొమ్మనయ్యాను. ఆబిడ్స్ జీపీవో కౌంటర్‌లో నా కవర్లు చూసి "ఈ వారం ఎన్ని దేశాలు?" అని అడిగే పరిచయం ఏర్పడింది. ప్రతిఫలంగా నాకు వచ్చినవాటిలో 1975 ఏప్రిల్ 26 లాస్ ఏంజెలెస్ స్పోర్ట్స్ అరీనా కచేరీ ఉంది. నకమిచి క్యాసెట్ డెక్‌ని వీల్‌చెయిర్‌లో దాచి లోపలికి తీసుకెళ్తాడని పేరున్న మైక్ మిలార్డ్ అనే ఆయన తీసిన రికార్డింగ్. ఆ వీల్‌చెయిర్ అవసరం ఆయనకు లేదు, డెక్‌కే ఉంది. ఆ ఊళ్లో ఐదు రాత్రుల కచేరీల్లో పోలీసులు ఐదు వందల మందికి పైగా ప్రేక్షకుల్ని అరెస్టు చేశారు. అలాంటి చోట అంత శుభ్రమైన ధ్వని పట్టాడాయన. అదొక సాధన.

ఇక డాక్టరుగారి సంగతి. మా బంధువుల ద్వారా గుంటూరు బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ డాక్టరుగారు పరిచయమయ్యారు. 1970లలో ఇంగ్లండ్‌లో పనిచేసి తిరిగొచ్చినాయన. 1974 నవంబరులో వెంబ్లీలో జరిగిన కచేరీని బీబీసీ రికార్డు చేసి, అందులోని 'డార్క్ సైడ్' భాగాన్ని 1975 జనవరిలో రేడియోలో వేసింది. అది ఆయన తన డెక్ మీద నేరుగా పట్టుకున్నారు. ఆ ప్రసారం అప్పటికే అందరి దగ్గరా ఉంది, కానీ చేతులు మారి మారి అరిగిన కాపీలు. ఆయనది మాత్రం రేడియో నుంచి దిగిన మొదటి క్యాసెట్. పైగా ఆయన ముందే ఆలోచించి సి-120 కొన్నారు. సి-90 అయితే ఒక వైపు 45 నిమిషాలే, మధ్యలో తిప్పాలి, తిప్పేలోపు సంగీతం పోతుంది. సి-120కి ఒక వైపు గంట పడుతుంది, కచేరీ ఒక్క వైపులో వచ్చేస్తుంది. "బాబూ, బస్సులో పైన పెట్టకు. ఒళ్లో పెట్టుకో" అని రెండుసార్లు చెప్పి ఇచ్చారు.

సి-120తో చిక్కు ఏంటంటే టేపు మరీ పల్చన. సి-90 టేపు 12 మైక్రాన్ల మందం ఉంటే ఇది 9. సాగుతుంది, రోలర్‌కి చుట్టుకుంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో డెక్కులు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. పట్టుకుని వెలుగులో పెట్టి చూశాడు. "సార్, గిది మస్తు సన్నగున్నది. నా మిషన్ల నేను ఎయ్య. మీ డెక్ తెండ్రి, రోలర్ కొత్తది ఏసి హెడ్ సెట్ చేసిస్తా" అన్నాడు. నచ్చింది నాకా మాట. రోలర్ మార్చాక హెడ్ పక్కనున్న చిన్న స్ప్రింగు స్క్రూ ఎలా తిప్పాలో చూపించాడు. రికార్డు చేసిన డెక్‌లో హెడ్ ఏ వాలులో ఉందో, ప్లే చేసే డెక్‌లోనూ అదే వాలు ఉండాలి. లేకపోతే ధ్వని దుప్పటి కప్పినట్టు మూగగా వస్తుంది. రెండు ఛానెళ్లనూ కలిపి మోనోలో వింటూ, స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ పోవాలి. ఒకచోట సింబల్స్ ఒక్కసారిగా మెరుస్తాయి. అక్కడ ఆపాలి. 'టైమ్' మొదట్లో గడియారాలన్నీ మోగే చోట ఆ తేడా ఎంత స్పష్టంగా తెలిసిందంటే, మెకానిక్ కూడా తల ఊపాడు.

ముందే రివైండ్ చెయ్యలేదు. ఏళ్ల తరబడి కదలని టేపుని వేగంగా తిప్పితే తెగే ప్రమాదం ఉంది కాబట్టి, రెండో వైపు ప్లేలో మెల్లగా నడిపించి మొదటి వైపు మొదలుకి తెచ్చాను. ఎక్కించాక స్పెక్ట్రమ్ చూస్తే కింద రెండు సన్నటి గీతలు పక్కపక్కన కనిపించాయి. ఒకటి సరిగ్గా 50 హెర్ట్జ్ దగ్గర, మా ఇంటి కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే హమ్. ఇంకోటి 51 దగ్గర. అది 1975లో ఇంగ్లండ్‌లో డాక్టరుగారి గదిలోని కరెంటు హమ్! అక్కడా కరెంటు 50 హెర్ట్జే కాబట్టి టేపు రెండు శాతం వేగంగా తిరుగుతోందని అర్థం. స్వరం నుంచి పక్క స్వరానికి ఉండే దూరంలో మూడో వంతు పైకి పోయిందన్నమాట. రెండు శాతం తగ్గించగానే హమ్ 50కి దిగింది, బ్యాండ్ గిటారిస్టు గిల్మర్ గిటారూ శ్రుతిలోకి వచ్చింది. సరిచేసిన కాపీ, సరిచేయని కాపీ రెండూ పంపాను. ఎవరైనా నాకన్నా బాగా చేయగలిగితే వాళ్లకు అసలుది అందాలి కదా.

వార్తల విషయంలోనూ ఇదే పట్టింపు. పాత సభ్యులు మళ్లీ కలుస్తున్నారని ఏడాదికోసారి పుకారు పుట్టేది. ఎవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు అని టేపుకి అడిగినట్టే లీనియేజ్ అడిగేవాళ్లం. అలా అడిగి అడిగి నమ్మకం పోయినవాళ్లకు 2005 జూన్‌లో నిజం వార్త వచ్చింది. జూలై 2న హైడ్ పార్క్ లైవ్ 8 కచేరీలో వాటర్స్, గిల్మర్, రైట్, మేసన్ ఇరవై నాలుగేళ్ల తర్వాత కలిసి నాలుగు పాటలు వాయించారు. మరుసటి ఏడాది బ్యాండ్ తొలినాళ్ల సభ్యుడు సిడ్ బారెట్ పోయాడు, 2008లో రిక్ రైట్ పోయాడు. నెదర్లాండ్స్ టీచరుగారు ఆ రెండు సార్లూ నాకు ఫోన్ చేసి మాట్లాడారు.

డాక్టరుగారి టేపుని 2011లో పంచడం ఆపేశాను. ఆ వెంబ్లీ కచేరీ అసలు మాస్టర్ టేపుల నుంచి అధికారికంగా వచ్చింది. సెట్ కొని గుంటూరు తీసుకెళ్లి ఆయనకు వినిపించాను. మొత్తం విని, "ఇది చాలా బాగుంది బాబూ. నా క్యాసెట్ కూడా పారెయ్యకు" అన్నారు. 2016లో 'ది ఎర్లీ ఇయర్స్' పేరుతో 27 డిస్కుల పెట్టె వచ్చినప్పుడు మా జాబితాల్లోంచి చాలా కచేరీలు కొట్టేశాం. 2025 డిసెంబరులో 'విష్ యూ వర్ హియర్' యాభయ్యేళ్ల ఎడిషన్‌లో మిలార్డ్ తీసిన ఆ లాస్ ఏంజెలెస్ కచేరీనే సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ శుభ్రం చేయగా బ్యాండ్ తన పేరుతో విడుదల చేసింది. దొంగచాటుగా తీసిన ప్రేక్షకుడి టేపుకి అంతకన్నా గౌరవం ఏముంటుంది? కాపీలు చేసి పంచుకున్నవాళ్లు ఒక్క బిట్ కోసం ఎందుకు అంత పట్టుబట్టారో వినేవాళ్లకు ఇప్పుడు తెలుస్తుంది.

ఇది చదివేవాళ్లలో 2002లో బెంగళూరుకో, 2007 ఫిబ్రవరిలో ముంబైకో వాటర్స్ కచేరీకి వెళ్లినవాళ్లు ఉంటే ఒక మాట. మీ దగ్గరో, మీతో వచ్చినవాళ్ల దగ్గరో మినీడిస్క్, క్యాసెట్, పాత హ్యాండీకామ్ టేపు ఏదైనా ఉందేమో ఒకసారి బీరువాలో చూడండి. దొరికితే వెంటనే రివైండ్ కొట్టకండి, చేతికి దొరికిన పాత ప్లేయర్‌లో పెట్టకండి. మినీడిస్క్ అయితే రికార్డ్ బటన్ ఉన్న మెషీన్‌లో పెట్టే ముందు డిస్క్ పక్కనున్న చిన్న మీటని జరపండి, అప్పుడు పొరపాటున చెరిగిపోదు. నాకు చెప్పండి. డెక్, రోలర్, స్క్రూడ్రైవర్ అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఎక్కించి మీ టేపు మీకిచ్చేస్తాను.